ఈవ్ ఆన్‌లైన్: మూడు నెలల సంపాదన ఇరవై సెకన్లలో పోయింది. ఆడాలా, మానేయాలా?

గుంటూరు_గగనం | శుక్రవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఈవ్ (అంతరిక్షంలో ఓడలు నడిపే ఆన్‌లైన్ ఆట) మొదలుపెట్టి మూడు నెలలైంది. ఆల్ఫా అకౌంటే, డబ్బులేమీ కట్టలేదు. కాలేజీ నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు వెంచర్ అనే చిన్న తవ్వకపు ఓడ వేసుకుని గ్రహశకలాలు తవ్వాను, మిషన్లు చేశాను. అలా పోగేసిన సరుకు విలువ దాదాపు 40 కోట్ల ఇస్క్ (ఆటలోని డబ్బు). జీటాలో (ఆటలో అతిపెద్ద సంత) అమ్మితే మంచి రేటు వస్తుందని మొత్తం బ్యాడ్జర్ అనే సరుకు ఓడలోకి ఎక్కించి, ఆటోపైలట్ నొక్కాను. అప్పుడే అమ్మ అన్నానికి పిలిచింది. పెరుగన్నం తింటున్నంతసేపూ ఆ డబ్బుతో ఏ ఓడ కొనాలా అనే ఆలోచనే. తిరిగి వచ్చేసరికి ఓడ లేదు. కోడిగుడ్డంత క్యాప్సూల్ ఒక్కటే చీకట్లో మెల్లగా తిరుగుతోంది. పైన సిస్టమ్ (నక్షత్ర మండలం) పేరు యుయెడామా.

కిల్‌మెయిల్ (ఓడను ఎవరు పేల్చారో చెప్పే సందేశం) తెరిస్తే మూడు కెటలిస్టులు, చవక తుపాకీ ఓడలు. హైసెక్ అంటే పోలీసులున్న ప్రాంతం కదా? పోలీసులు వచ్చారు, కాకపోతే అంతా అయిపోయాక వచ్చారు.

ఆట చెడ్డదని అనలేను. మొదటిసారి స్టేషన్ నుంచి బయటికొచ్చి కెమెరా వెనక్కి లాగినప్పుడు, ఆ నెబ్యులా వెలుగులో నా ఓడ చుక్కంత కనపడితే ఒళ్ళు జలదరించింది. కానీ ఇలా పోగొట్టుకున్నాక మళ్ళీ మొదటినుంచీ తవ్వే ఓపిక ఉందా అనేదే అర్థం కావడం లేదు. పాతవాళ్ళు చెప్పండి.

శూన్యవాసి | శనివారం, ఉదయం 6:10

తమ్ముడూ, ముందు నీళ్ళు తాగు. 2009 నుంచి ఆడుతున్నాను, నాకూ ఇలాంటి రాత్రి ఒకటుంది. నాది యుయెడామా కాదు, అంతే తేడా.

ఏం జరిగిందో చెప్తా విను. ఆటోపైలట్ నిన్ను గేటు (ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకే ద్వారం) దగ్గర దించదు. కొన్ని కిలోమీటర్ల అవతల దించి అక్కణ్ణించి నత్తనడక నడిపిస్తుంది. ఆ నడకలో ఒకడు నీ ఓడను స్కాన్ చేసి లోపల ఏముందో చూస్తాడు. యుయెడామా సెక్యూరిటీ 0.5. హైసెక్‌లో అదే అట్టడుగు మెట్టు. సెక్యూరిటీ తగ్గేకొద్దీ కాన్‌కార్డ్ పోలీసులు రావడం ఆలస్యమవుతుంది, 0.5లో దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఆ లోపు బ్యాడ్జర్ లాంటి పల్చటి ఓడను పేల్చడం వాళ్ళకు లెక్కే కాదు. వాళ్ళ కెటలిస్టులు ఎలాగూ పోలీసుల చేతిలో పోతాయి, అవి పోతాయని తెలిసే వస్తారు. పేలిన ఓడలోంచి సుమారు సగం సరుకు మిగులుతుంది. ఆ సగం వాళ్ళ ఓడల ఖర్చు కంటే ఎక్కువైతే నువ్వు వాళ్ళకు బేరం కింద లెక్క.

ఇన్సూరెన్స్ ఓడకే వస్తుంది, సరుకుకు రాదు. కాబట్టి ఇకమీదట విలువైన సరుకును నువ్వు మోయకు. కొరియర్ కాంట్రాక్ట్ పెట్టు, సరుకు విలువంత మొత్తం పూచీకత్తుగా రాయి. మోసేవాడు పోగొడితే ఆ డబ్బు నీకు వస్తుంది. నువ్వే మోయాల్సి వస్తే చేత్తో నడుపు, ప్రతి గేటుకూ సున్నా దూరానికి వార్ప్ చెయ్యి (మెరుపు వేగంతో దూకు), అన్నం తిన్నాకే బయల్దేరు.

గుంటూరు_గగనం | శనివారం, ఉదయం 8:35

థాంక్స్ అన్నా. ఎలా జరిగిందో ఇప్పుడు తెలిసింది. కానీ మనసులో ముల్లు పోలేదు. ఇది దొంగతనం కదా, ఆట తయారుచేసినవాళ్ళు దీన్ని ఎందుకు ఒప్పుకుంటారు?

వరంగల్_వార్ప్ | శనివారం, ఉదయం 9:20

నీ ప్రశ్న న్యాయమైనదే. నేను రెండేళ్ళు ఆడి మానేసినవాణ్ణి కాబట్టి నా మాట కూడా విను.

ఓడిపోవడం నాకు సమ్మతమే. ఓడించినవాడు ఏం పణంగా పెట్టాడన్నదే నా బాధ. నువ్వు మూడు నెలల కష్టం పెట్టావు, వాడు మూడు చవక ఓడలు పెట్టాడు. అందులోనూ ఆ ముగ్గురూ ముగ్గురు మనుషులన్న నమ్మకం లేదు. ఒకే మనిషి నాలుగైదు అకౌంట్లు తెరిచి అన్ని స్క్రీన్ల ముందూ కూర్చుంటాడు. ఆల్ఫా అకౌంట్లయితే రెండు ఒకేసారి తెరవనివ్వరు, డబ్బు కట్టినవాడికి మాత్రం ఎన్నయినా సరే. నేను ఒంటరిగా ఒక్క ఓడతో తవ్వుతుంటే, పక్కన ఒకే మనిషికి చెందిన ఎనిమిది ఓడలు ఒకేసారి కదిలి నా గ్రహశకలాల బెల్టు మొత్తం ఊడ్చేసేవి. గొడవ కూడా పెట్టుకోలేం, ఎందుకంటే అది నిబంధనల ప్రకారం సరైనదే.

ఇక చుట్టూ ఏమున్నాయో చూపించే ఆ ఓవర్‌వ్యూ కిటికీ. అందులో ఏం కనపడాలో, ఏం కనపడకూడదో సరిచేసుకోవడానికే నాకు ఒక ఆదివారం పట్టింది. చిన్న అక్షరాలు, వరసల మీద వరసలు. ప్రాణం పోయేదీ నిలిచేదీ ఆ కిటికీలోనే, దాన్నేమో కొత్తవాడి చేతికి అలా వదిలేస్తారు.

విశాఖ_వర్తకురాలు | శనివారం, మధ్యాహ్నం 1:15

వరంగల్ గారు చెప్పినవాటిలో బహుళ అకౌంట్ల మాట నిజం, దాన్ని నేనూ సమర్థించను. కానీ ‘ఎందుకు ఒప్పుకుంటారు’ అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. వృత్తికి అకౌంటెంట్‌ని, ఆటలోనూ వర్తకమే చేస్తాను. ఆరేళ్ళలో నేను తుపాకీ పేల్చింది చాలా తక్కువ.

బాబూ గగనం, జీటాలో నువ్వు చూసే ఓడలన్నీ దాదాపుగా ఎవరో ఒక ఆటగాడు తయారుచేసినవే. ఖనిజం తవ్వింది ఒకరు, కరిగించింది ఒకరు, బ్లూప్రింట్ మీద కట్టింది ఇంకొకరు, కొని మారు బేరానికి పెట్టింది నా లాంటివాళ్ళు. నీ బ్యాడ్జర్ పేలింది కాబట్టి ఇంకో బ్యాడ్జర్ అవసరం పడింది. ఆ మూడు కెటలిస్టులు పేలాయి కాబట్టి నేను నిన్న కెటలిస్టులు అమ్మగలిగాను. ఓడలు పోకపోతే నువ్వు తవ్విన రాళ్ళను కొనేవాడే ఉండడు. చాలా ఆన్‌లైన్ ఆటల్లో వస్తువు ఒకసారి చేతికొస్తే ఎప్పటికీ ఉంటుంది, అందుకే కొన్నాళ్ళకు దానికి విలువ ఉండదు. ఇక్కడి మార్కెట్ 2003 నుంచీ నడుస్తూనే ఉంది. ఈ లెక్కలు చూడటానికి కంపెనీ 2007లో ఎయ్యోల్ఫుర్ గుద్‌ముండ్‌సన్ అనే అసలైన ఆర్థికవేత్తనే ఉద్యోగంలో పెట్టుకుంది. ఇప్పటికీ ఎంత తవ్వారు, ఎంత కట్టారు, ఎంత పేలింది అని నెలనెలా నివేదిక బయటపెడతారు. నేను దాన్ని పేపర్ చదివినట్టు చదువుతాను.

నా విసుగు కూడా చెప్పాలి. 2020కి ముందు జీటాలో ధర తగ్గించడమంటే ఒక్క పైసా తగ్గించడమే. నేను ఒక ఓడను 1,20,00,000కు పెడితే, ఇంకొకరు 1,19,99,999.99కి పెట్టేవారు. నేను మళ్ళీ ఒక పైసా. సాయంత్రమంతా మౌస్ పట్టుకుని అదే పని. మణికట్టు నొప్పొచ్చి వేడినీళ్ళ కాపడం పెట్టుకున్న రోజులున్నాయి. 2020లో ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు ధర తగ్గించాలంటే కాస్త గట్టిగానే తగ్గించాలి, మార్చిన ప్రతిసారీ బ్రోకర్‌కు రుసుము కట్టాలి. అప్పటినుంచి ప్రాణం హాయిగా ఉంది.

2022లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఈ ఆటను ఎక్సెల్‌కు జోడిస్తామని ప్రకటించినప్పుడు చాలామంది నవ్వారు. నాకు మాత్రం పండగే. పగలంతా ఆఫీసు ఎక్సెల్, రాత్రి నా సొంత ఎక్సెల్. ఆ రెండోదాంట్లో లాభం నాదే.

డాలస్_తారక | శనివారం, రాత్రి 10:40

అక్క చెప్పింది చదువుతుంటే హైదరాబాద్‌లో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. ఈ ఆటలో గొప్పదీ భరించలేనిదీ రెండూ నాకు పెద్ద యుద్ధాల్లోనే కనపడ్డాయి.

చైనాను పక్కనపెడితే ప్రపంచం మొత్తానికీ ఒకటే సర్వర్, ట్రాంక్విలిటీ. దాదాపు 7,800 సిస్టమ్‌లు, అందరం ఒకే ఆకాశం కింద. 2020 అక్టోబర్‌లో ఎఫ్‌డబ్ల్యూఎస్‌టీ-8 అనే సిస్టమ్‌లో ఒకే పోరులో ఒకేసారి 6,557 మంది ఉన్నారు, గిన్నిస్ రికార్డు. అదే ఏడాది డిసెంబర్ 30న మొదలైన ఎం2-ఎక్స్‌ఎఫ్‌ఈ యుద్ధంలో 257 టైటాన్లు (ఆటలో అతిపెద్ద ఓడలు) పోయాయి. ఒక్కో టైటాన్ వెనక ఎంతమంది చాకిరీ ఉందో అక్కకు తెలుసు.

అంతమంది ఒకచోట చేరితే సర్వర్ తట్టుకోలేదు. అందుకే 2012లో టైమ్ డైలేషన్ తెచ్చారు. సర్వర్ పడిపోయే బదులు కాలమే నెమ్మదిస్తుంది, మామూలు వేగంలో పది శాతం దాకా. ఆలోచనగా నిజంగా అద్భుతం. కానీ లోపల కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో చెప్తా. గన్ బటన్ నొక్కితే దాని చుట్టూ ఒక తెల్లటి గీత తిరుగుతుంది, మామూలుగా పది సెకన్లు. అలాంటి ఒక పోరు రాత్రి అది ఒక్క చుట్టు తిరగడానికి నిమిషంన్నర పైనే పట్టింది. గీత పావువంతు వచ్చేలోపు లేచి టీ పెట్టుకుని వచ్చాను. హెడ్‌సెట్‌లో కమాండర్ గొంతు బొంగురుపోయింది. రాత్రి ఒంటిగంటకు మొదలైంది తెల్లారి ఏడైనా అవ్వలేదు. తొమ్మిదికి ఆఫీసు. నా ఓడ అక్కడే వదిలేసి వెళ్ళాల్సి వచ్చింది, దాంతోపాటు నా పక్కనున్నవాళ్ళనూ. ఓడ పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. మధ్యలో వదిలి వచ్చానే అన్నది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నిశి_పైలట్ | ఆదివారం, ఉదయం 7:05

తారక అన్నా, మనవాళ్ళు చాలామంది మానేసేది సరిగ్గా ఈ టైమింగ్ దగ్గరే. ఐరోపా వాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చి కూర్చునేది మనకు రాత్రి పన్నెండున్నర తర్వాత. వాళ్ళతో చేరితే మన ఆరోగ్యం పాడవుతుంది. నేను ఏడాది అలాగే ఆడి కళ్ళకింద నల్లటి వలయాలతో తిరిగాను, ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి.

తర్వాత ఒక ఉపాయం దొరికింది. అమెరికా తూర్పుతీరం రాత్రి మనకు తెల్లవారుజాము ఐదున్నర. అమెరికా వాళ్ళ కార్పొరేషన్‌లో (ఆటగాళ్ళ జట్టులో) చేరాను. ఐదింటికి లేస్తాను, కాఫీ పెట్టుకుంటాను, ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఎనిమిది దాకా ఆడి స్నానానికి వెళ్తాను. సాయంత్రాలే కావాలంటే రష్యన్లతో, లేదా చైనా, ఆస్ట్రేలియా టైమ్‌లో ఆడేవాళ్ళతో చేరొచ్చు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు సర్వర్ ఆపి మళ్ళీ లేపుతారు, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

గగనం, ఇంకో మాట. సర్వర్ లండన్‌లో ఉందని పింగ్ (సర్వర్‌కు వెళ్ళి వచ్చే ఆలస్యం) గురించి భయపడకు. షూటింగ్ గేముల్లో మనకు 150 వచ్చిందంటే చచ్చామన్నమాటే. ఈవ్ సర్వర్ సెకనుకు ఒక్కసారే లెక్క కడుతుంది. కాబట్టి మన ఇంటర్నెట్‌కు ఇంతకంటే అనుకూలమైన ఆట దొరకడం కష్టం. కరెంటు పోతే మాత్రం జాగ్రత్త. మామూలుగా ఉన్నప్పుడు లైన్ తెగితే ఓడ తనంతట తాను దూరం వెళ్ళి మాయమవుతుంది. సాటి ఆటగాళ్ళతో పోరులో ఉండగా తెగిందంటే పదిహేను నిమిషాలు మాయమవకుండా ఉండిపోతుంది. నేను ఇన్వర్టర్ కొన్నది ఇందుకే, ఇంట్లో మాత్రం ఫ్యాను కోసమని చెప్పాను.

మంజీర_మైనర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 2022లో నెలచందా 14.95 డాలర్ల నుంచి 19.99కి పెంచారు. మన రూపాయల్లో లెక్కేస్తే మా ఇంటి ఇంటర్నెట్ బిల్లు కంటే ఎక్కువ. ఆటలో సంపాదించిన ఇస్క్‌తో 500 ప్లెక్స్ (చందాకు మార్చుకునే టోకెన్లు) కొని చందా తీర్చుకోవచ్చంటారు. నిజమే, కానీ ఉద్యోగం చేసుకునేవాడికి అది రెండో ఉద్యోగం. నేను మూడు నెలలు అలా చేశాను. తర్వాత చూసుకుంటే ఆడటానికి టైమ్ కొనుక్కోవడం కోసం ఉన్న టైమంతా తవ్వడానికే పోతోంది. ఆపేశాను.

ఇక స్కిల్స్. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది అదే. మనం ఆడకపోయినా, పడుకున్నా, ఊరెళ్ళినా స్కిల్ నేర్చుకుంటూనే ఉంటుంది. బ్యాటిల్‌షిప్ ఐదో లెవల్ పెట్టి అక్క పెళ్ళికి ఊరెళ్ళాను, నెల తర్వాత వచ్చేసరికి దాదాపు పూర్తయింది. సంసారం ఉన్నవాడికి, కాలేజీ కుర్రాడికి మధ్య తేడా లేకుండా చేసింది ఆ పద్ధతి. 2016లో స్కిల్ ఇంజెక్టర్లు వచ్చాయి. డబ్బున్నవాడు ఒక్క పూటలో ఏళ్ళ చదువు ఎక్కించుకోవచ్చు. అప్పుడు నా ఓపికకు ఉన్న గౌరవం కొంత పోయిందనిపించింది.

శూన్యవాసి | ఆదివారం, మధ్యాహ్నం 3:50

మంజీరా, ఇంజెక్టర్ల మీద నీతో సగమే ఏకీభవిస్తాను. అకౌంట్ పాతబడేకొద్దీ దాని ఫలం తగ్గుతుంది. 50 లక్షల స్కిల్ పాయింట్ల లోపు ఉన్నవాడికి 5 లక్షలు వస్తే, 8 కోట్లు దాటినవాడికి లక్షన్నరే. కొత్తవాడు పాతవాణ్ణి అందుకోవడానికి అదొక నిచ్చెన. ఇక నచ్చనిది జరిగితే ఆటగాళ్ళు ఊరుకున్న చరిత్ర లేదు. 2011 వేసవిలో దుకాణంలో వస్తువుల ధరలు చూసి మండిపడి వందలమంది జీటాలో స్టేషన్ ముందున్న స్మారకం మీద కాల్పులు జరిపారు. ఆ ఏడాదే కంపెనీ పెద్ద బహిరంగంగా క్షమాపణ చెప్పి దారి మార్చుకున్నాడు. మనం ఓటేసి ఎన్నుకునే మండలి 2008 నుంచీ ఉంది.

గగనానికి ఇంకొకటి చెప్పాలనుంది. హైసెక్ చూసి ఇదే ఆట అనుకోకు. నేను వార్మ్‌హోల్స్‌లో (గేట్లు లేని దూరపు సిస్టమ్‌లలో) ఉంటాను. అక్కడ పోలీసులు లేరు, సిస్టమ్‌లో ఎవరున్నారో చూపించే లోకల్ జాబితా లేదు. నోరు విప్పితే తప్ప ఎవరి పేరూ కనపడదు. నిన్న రాత్రి వెంచర్‌లో గ్యాస్ పీలుస్తున్నాను. చేయవలసిందల్లా స్కాన్ బటన్ నొక్కుతూ ఉండటం, ఐదు సెకన్లకు ఒకసారి. జాబితాలో ఎప్పుడూ అవే నాలుగు వరసలు: గ్యాస్ మబ్బులు. నొక్కాను, నాలుగు. నొక్కాను, నాలుగు. ఫ్యాను చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. నొక్కాను, ఐదు. ఐదో వరసలో ‘సేబర్’, వేటాడే ఓడ. చదవడం పూర్తికాకముందే వేలు వార్ప్ మీద పడింది. నేను బయల్దేరిన క్షణానికి అది మబ్బు పక్కన దిగి వార్ప్‌ను ఆపే బుడగ వేసింది. బుడగలో చిక్కి ఉంటే అయిపోయేదే అన్నట్టు ఓడ ఊగింది. బతికాను. గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే కుర్చీలో వెనక్కి వాలి ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాను.

ఆ గ్యాస్ విలువ నువ్వు పోగొట్టుకున్నదాంట్లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అయినా నలభై దాటిన నన్ను ఇంకే ఆటా అలా కూర్చోబెట్టలేదు. పోయేదేదో నిజంగా ఉంటేనే చెయ్యి అలా వణుకుతుంది.

వరంగల్_వార్ప్ | ఆదివారం, సాయంత్రం 5:25

ఇది చదువుతుంటే నా చెయ్యి కూడా స్కాన్ బటన్ కోసం వెతికింది. మానేసి మూడేళ్ళైంది.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. పందెం రెండువైపులా సమంగా ఉన్నప్పుడే ఆ వణుకు న్యాయం. వార్మ్‌హోల్‌లో నువ్వు తెలిసి వెళ్ళావు. ఈ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. ఆటోపైలట్ బటన్ పక్కనే ఒక్క హెచ్చరిక వాక్యం పెడితే ఏం పోతుంది? నేను వెళ్ళిపోయింది ఓడ పోయినందుకు కాదు. మా చిన్న కార్పొరేషన్‌లో అందరం కూడబెట్టుకున్న హ్యాంగర్‌ను (సరుకు గిడ్డంగిని), ఎనిమిది నెలలు మాతో కలిసి తిరిగినవాడే ఒక రాత్రి ఊడ్చుకుపోయాడు. అదీ నిబంధనల్లో తప్పు కాదట. 2009లో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ లాంటి మహా కూటమే లోపలి మనిషి ఒకడు తిరగబడటంతో రాత్రికి రాత్రి రద్దయిందని కథలుగా చెప్పుకుంటారు. చదవడానికి బాగుంటుంది. మన మీదికి వస్తే తెలుస్తుంది.

నిశి_పైలట్ | ఆదివారం, రాత్రి 8:00

నువ్వు పడ్డ బాధ అర్థమవుతుంది అన్నా. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కథల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సవరణ. 2014 జనవరి 27న జరిగిన బీ-ఆర్5ఆర్‌బీ యుద్ధంలో ‘మూడు లక్షల డాలర్లు తగలబడ్డాయి’ అని అందరూ రాస్తుంటారు. 75 టైటాన్లు పోయిన మాట, ఆ సిస్టమ్ మీద హక్కు కోసం కట్టాల్సిన బిల్లు కట్టకపోవడంతోనే మొదలైన మాట నిజం. డాలర్ల లెక్క మాత్రం ఇస్క్‌ను ప్లెక్స్ ధరతో మార్చి చెప్పింది. ఎవరి బ్యాంకు నుంచీ అంత డబ్బు పోలేదు. కొత్తవాళ్ళు అది చూసి ఇదేదో జూదమనుకుంటారు.

డాలస్_తారక | ఆదివారం, రాత్రి 9:30

వరంగల్ భయ్యా, ఇదే ఆటలో మనుషుల రెండో ముఖం కూడా చూశాను కాబట్టి రాస్తున్నా. 2012లో లిబియాలోని బెంఘాజీ దాడిలో చనిపోయిన అమెరికా దౌత్య ఉద్యోగి షాన్ స్మిత్ ఈ ఆటలో పేరున్న రాయబారి. ఆ వార్త తెలిశాక అంతరిక్షంలో స్టేషన్ల పేర్లే మార్చేసి ఆయన ఆటపేరు పెట్టారు. మోలియా అనే సిస్టమ్‌లో ఆటగాళ్ళే కట్టుకున్న శ్మశానం ఉంది. చనిపోయినవాళ్ళ పేరున అక్కడ చిన్న కంటెయినర్లు నిలబెడతారు.

నాతో హైదరాబాద్ రోజుల్లో ఆడిన స్నేహితుడు కోవిడ్ రెండో వేవ్‌లో పోయాడు. టికెట్లు లేవు, ఆఖరి చూపుకు వెళ్ళలేకపోయాను. ఆ వారం మోలియా వెళ్ళి వాడికి ఇష్టమైన రిఫ్టర్ ఓడ పేరు రాసి ఒక కంటెయినర్ పెట్టి వచ్చాను. దారిలో నన్ను ఆపినవాళ్ళు ఇద్దరున్నారు. ఎందుకు వెళ్తున్నానో చాట్‌లో చెప్పాను. కాల్చకుండా గేటు దాకా తోడొచ్చారు. వాళ్ళూ కాల్చుకుతినేవాళ్ళే.

విశాఖ_వర్తకురాలు | ఆదివారం, రాత్రి 10:15

తారకా, కళ్ళు చెమర్చాయి నాన్నా.

గగనం, ఎక్కడున్నావు? నీ నిర్ణయం ఏదైనా పర్వాలేదు, నీ ఆటపేరు మాత్రం నాకు సందేశంలో పంపు. ఒక బ్యాడ్జర్, నింపడానికి కాస్త సరుకు ఇస్తాను. అప్పు కాదు. నా మొదటి నష్టానికి ఎవరో తెలియని మనిషి ఇలాగే ఇచ్చారు.

గుంటూరు_గగనం | సోమవారం, మధ్యాహ్నం 3:40

అందరూ రాసింది రెండుసార్లు చదివాను. అక్కా, బ్యాడ్జర్ అందింది, మీరు ‘కాస్త’ అన్నది కాస్త కాదు. వరంగల్ అన్నా, ఆ హెచ్చరిక వాక్యం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా కాలేజీలో ఇంకో ఇద్దరు ఆడుతున్నారు, వాళ్ళకు ముందే చెప్పేశాను.

ఆటోపైలట్ తీసేశాను. సరుకు నేను మోయడం లేదు. కొరియర్ కాంట్రాక్ట్ పెట్టాను, పూచీకత్తు పూర్తి విలువకు రాశాను. ఎవరైనా తీసుకుంటారా అని అరగంట నుంచి అదే చూస్తూ కూర్చున్నాను, కాస్త టెన్షన్‌గానే ఉంది. నాలుగున్నరకు సర్వర్ ఆగిపోతుంది కదా.

వరంగల్_వార్ప్ | సోమవారం, మధ్యాహ్నం 3:58

పాత అకౌంట్ పాస్‌వర్డ్ ఇంకా గుర్తుంది. నీ కాంట్రాక్ట్ నేనే తీసుకున్నాను. నిశీ, ఖాళీగా ఉంటే ఏదైనా వేగమైన ఓడ వేసుకుని యుయెడామా గేటు దగ్గర ఎవరున్నారో చూసి చెప్పు. నేను మూడు జంపుల దూరంలో ఉన్నాను.

నిశి_పైలట్ | సోమవారం, సాయంత్రం 4:04

గేటు దగ్గరే ఉన్నా. రెండు కెటలిస్టులు కనపడుతున్నాయి. నేను చెప్పేదాకా జంప్ కొట్టకు.